ఎదురు నీటిలో బరువు: బెజవాడ కాలువలు, రైళ్లు, ఆ రెండూ కలిసిన రేవు

సముద్రం దాదాపు 70 కిలోమీటర్ల అవతల, బందరు దగ్గర ఉంది. అయినా పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో బెజవాడ అచ్చమైన రేవు పట్నం. ఆనకట్ట వెనక నిలిచిన కృష్ణ నీరే దాని హార్బరు. అక్కణ్ణుంచి తూర్పున బందరు దాకా పడవ నడిచేది. ఉత్తరాన ఏలూరు కాలువలో పోతే గోదావరి కాలువలు తగిలేవి, వాటి మీదుగా కాకినాడ చేరవచ్చు. దక్షిణపు ఒడ్డున సీతానగరం నుంచి దుగ్గిరాల, అక్కణ్ణుంచి కొమ్మమూరు కాలువ పట్టుకుని పెదగంజాం, ఆపైన బకింగ్‌హామ్ కాలువలో మద్రాసు. ఇంత దూరం సరుకు ఎక్కడా ఎడ్లబండి ఎక్కకుండా వెళ్లేది.

రైలు రాగానే పడవ చచ్చిపోయిందని సాధారణంగా చెబుతారు. అది సగమే నిజం. రైలుకు వేగం ఉంది, వానాకాలం బాధ లేదు. కానీ కాలువ రవాణా ఓడిపోవడానికి అసలు కారణాలు కాలువలోనే ఉన్నాయి. ఒకటి, ఒకే నీటికి సాగు, రవాణా అనే రెండు పనులు అప్పజెప్పడం. రెండోది చాలామంది పట్టించుకోనిది: రైలు వచ్చాక నిండు పడవ ప్రయాణించాల్సిన దిక్కే మారిపోయింది.

ఆనకట్ట ఇక్కడే ఎందుకు

కృష్ణ ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్య ఇరుకున పారుతుంది. రెండు కొసలా రాయి దొరుకుతుంది. ఈ ఇరుకు దాటగానే డెల్టా మొదలవుతుంది కాబట్టి ఇక్కడ నీటిని కొద్దిగా పైకి నిలబెడితే చాలు, రెండు వైపులా పల్లానికి తనంతట తానే పారుతుంది. ఆర్థర్ కాటన్ పట్టుబట్టిన ఈ పనిని ఇంజనీరు చార్లెస్ ఓర్ చేతికి ఇచ్చారు. 1852లో మొదలై 1855 నాటికి ఆనకట్ట పూర్తయింది. పొడవు 1,240 గజాలు, అంటే 1,130 మీటర్ల పైచిలుకు. లోపలంతా వదులుగా పోసిన రాళ్ల గుట్ట, ముందు వైపు కట్టుబడి. ఇసుక పునాది మీద ఇలాంటి కట్టడం కాస్త కాస్త కుంగుతూనే ఉంటుంది. వరద తగ్గాక ప్రతి ఏడూ దిగువన రాళ్లు పోస్తుండాలి. 1952లో ఆనకట్టకు గండి పడింది. దాని స్థానంలో 1954లో మొదలుపెట్టి 1957లో ప్రకాశం బ్యారేజీ తెరిచారు. 40 అడుగుల వెడల్పున 70 గేట్లు, దాదాపు 3 టీఎంసీల నిల్వ.

1901 లెక్కల్లో బెజవాడ జనాభా 24,224. ఆ చిన్న ఊరు 5 లక్షల ఎకరాలకు మించిన సాగుకూ, డెల్టా మొత్తం పడవల రాకపోకలకూ కేంద్రం.

లాకులో పడవ దిగడం

విజయవాడలో బందరు లాకులంటే ఇప్పుడు చాలామందికి ఒక పేట పేరు, ఆటో దిగే చోటు. లాకు చేసే పని మాత్రం మెల్లగా మరుగున పడుతోంది. నది నీరు ఎత్తులో, కాలువ నీరు పల్లంలో ఉంటాయి. పడవను ఒకదాన్నుంచి ఇంకొకదానికి దించడానికి మధ్యలో రాతి గోడల తొట్టి, దానికి రెండు కొసలా రెండేసి రెక్కల తలుపులు. మూసినప్పుడు ఆ రెక్కలు అడ్డంగా ఒకే గీతలో ఉండవు, ఎగువ వైపుకు కోణం తిరిగి కలుస్తాయి. ఎగువ నీరు ఎంత నెడితే అంత గట్టిగా ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. గొళ్లెం అక్కర్లేదు.

దిగే పడవ విషయంలో వరస ఇది. ముందు కింది తలుపులూ, నీరు వదిలే వాటి షట్టర్లూ పూర్తిగా మూసి, పై షట్టర్లు ఎత్తి, తొట్టిని నది మట్టానికి నింపాలి. పై తలుపులు తెరిచి పడవను లోపలికి లాగి, తాడును గట్టు మీది గుంజకు చుట్టాలి కానీ ముడి వెయ్యకూడదు. పై తలుపులు, పై షట్టర్లు మూసి, కింది షట్టర్లను మొదట జానెడు మాత్రమే ఎత్తాలి. నీరు దిగే కొద్దీ తాడు వదులుతూ ఉండాలి. తొట్టి నీరూ కాలువ నీరూ సమానమయ్యాక కింది తలుపులు తెరవాలి.

సమానం కాకముందే తలుపు తెరవబోతే ఏమవుతుందో లెక్క కడితే తెలుస్తుంది. ఒక రెక్క వెడల్పు 10 అడుగులు, నీటి లోతు 6 అడుగులు, రెండు వైపులా మట్టాల తేడా మూడు అంగుళాలే అనుకుందాం. ఆ ఒక్క రెక్క మీదే నాలుగు క్వింటాళ్లకు మించిన తోపుడు ఉంటుంది. మనుషులు మోకు వేసి లాగితే మోకు తెగుతుంది, లేదా పై పట్టీ బోల్టు వంగుతుంది. ఓపిగ్గా మరో రెండు నిమిషాలు ఆగితే అదే తలుపు చేత్తో తోస్తే కదులుతుంది.

లాకు దగ్గర జరిగే నష్టాల్లో ఎక్కువ భాగం నాలుగైదు తప్పుల వల్లే. తాడు ముడి వేస్తే నీరు దిగినా పడవ దిగదు. ఒక పక్కకు వేలాడి, సరుకు జారి, తాడు తెగి ఒక్కసారిగా పడుతుంది. పడవ వెనక కొస పై తలుపుల గడప మీద ఉండిపోతే ముందు భాగం మునిగి వెనక భాగం రాతి మీద నిలుస్తుంది. అందుకే పై తలుపుల నుంచి జరిగి, పడవను కింది కొసకు దగ్గరగా నిలపాలి. నింపేటప్పుడు పై షట్టర్లు ఒక్కసారి ఎత్తితే లోపల అల లేచి పడవను గోడకేసి కొడుతుంది. ఇక పూడిక. గడప దగ్గర నాలుగు వేళ్ల మందం ఒండ్రు చేరితే తలుపు చివరి అంగుళం మూసుకోదు. ఆ సందులోంచి దూకే నీరు గడప రాయి కింది సున్నాన్ని తోడేస్తుంది. ఒకటి రెండు వానాకాలాలు పట్టించుకోకపోతే గడపే లేచిపోతుంది.

లాకుల వల్ల నీరు వృథా అనే ఆక్షేపణ తరచు వినిపిస్తుంది. 150 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, 6 అడుగుల తేడా ఉన్న తొట్టి ఒకసారి ఖాళీ అయితే 18,000 ఘనపుటడుగులు, అంటే 5 లక్షల లీటర్లు దిగుతాయి. వినడానికి పెద్ద అంకె. రోజుకు 40 సార్లు తిప్పినా సగటు 8 క్యూసెక్కుల పైచిలుకే, అదీ కాలువలోకే పోతుంది, పొలానికే పారుతుంది. నీటి నష్టం వాదన నిలవదు.

రెండు పనుల మధ్య నలిగిన కాలువ

సాగు కాలువకు వాలు కావాలి, నీరు పారాలి. పడవల కాలువకు నిలకడ కావాలి. డెల్టాలో వాలు తక్కువే అయినా, కాలువ నిండుగా పారేటప్పుడు సెకనుకు 2 నుంచి 3 అడుగుల వేగం ఉంటుంది. మూడడుగులంటే గంటకు 3.3 కిలోమీటర్లు. గట్టు మీద తాడు భుజానికి వేసుకుని పడవ లాగే మనిషి నడకా ఇంచుమించు అంతే. నీటి వాలున పోతే రెండు వేగాలు కలిసి గంటకు ఆరు కిలోమీటర్లకు పైన పోవచ్చు. ఎదురు నీటిలో అదే పడవ, అదే మనుషులు, ఒంట్లో శక్తంతా నీటి తోపుడుకే సరి. అందుకే అంచు వెంబడి, నీరు నెమ్మదిగా ఉండే చోట పడవను పట్టుకెళ్లేవారు. అంచున లోతు తక్కువ, కాబట్టి బరువు తగ్గించాలి.

బందరు రేవు బతికున్నన్నాళ్లు ఇది పెద్ద ఇబ్బంది కాలేదు. ధాన్యం నిండిన పడవ వాలున సముద్రానికి దిగేది, తిరిగొచ్చేటప్పుడే ఎదురు నీరు, అప్పటికి పడవ తేలిక. బందరు రేవుకు వేరే కష్టాలున్నాయి. తీరం దగ్గర సముద్రం లోతు బాగా తక్కువ కావడంతో ఓడలు మైళ్ల దూరంలో సముద్రంలో లంగరు వేసేవి, సరుకు చిన్న పడవల్లో చేరేది. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన వేల ప్రాణాలు తీసి ఊరిని కుంగదీసింది.

1888, 89ల్లో రైలు బెజవాడకు వచ్చాక సరుకు చేరాల్సిన గమ్యం మారింది. ఏలూరు, రైవస్, బందరు కాలువలూ, అవతలి ఒడ్డున పడమటి కాలువా, అన్నిటికీ బెజవాడే ఎగువ కొస. డెల్టా నలుమూలల్నుంచి ధాన్యం రైలు దగ్గరికి రావాలంటే ప్రతి నిండు పడవా ఎదురు నీటిలో, ప్రతి లాకులోనూ పైకి ఎక్కుతూ రావాలి. ఖాళీ పడవ మాత్రం హాయిగా వాలున పోతుంది. కాలువలు తవ్విన వాళ్లు ఊహించిన ప్రయాణం ఇది కాదు. పడవవాళ్ల కూలి, రోజులు పెరిగాయి. వేగంలో రైలు గెలిచిందనడం తేలిక. కానీ అంతకుముందే సరుకు ఎటు పోవాలో రైలు నిర్ణయించింది, ఆ దిక్కు పడవకు ప్రతికూలమైంది.

దీనికి తోడు కాలువల మూత. ఏటా ఎండాకాలంలో పూడిక తీయడానికి, తూములు, లాకులు బాగుచెయ్యడానికి కాలువలు కట్టేస్తారు. సార్వా పంట కోసి నూర్చి అమ్మకానికి వచ్చేది సంక్రాంతికి అటూ ఇటూ, దాళ్వా అయితే వేసవి మొదట్లో. వ్యాపారికి సరుకు పంపే తొందర ఉన్న నెలల్లోనే పడవ గట్టెక్కి కూర్చోవాల్సి వస్తుంది. సాగు వైపు నుంచి చూస్తే ఆ మూత తప్పదు, పూడిక తియ్యకపోతే చివరి భూములకు నీరందదు. ఇద్దరికీ న్యాయం చెయ్యాలంటే లాకుల మధ్య కొంత నీరు నిలబెట్టి, ఒక్కో భాగాన్ని వంతులవారీగా ఎండగట్టాలి. అది సాధ్యమే, కానీ అదనపు తలుపులు, అదనపు మనుషులు కావాలి. పన్ను రాబడిలో సాగు వాటా పెద్దది, పడవల వాటా చిన్నది. ఎవరి మాట చెల్లిందో వేరే చెప్పనక్కర్లేదు.

కాటన్ జీవితాంతం రైళ్లకన్నా నౌకాయాన కాలువలే దేశానికి చవకని వాదించాడు. టన్నుకు అయ్యే ఖర్చు మాత్రమే చూస్తే ఆ వాదంలో బలముంది. కానీ ఆ లెక్క నిలకడ నీటికి సరిపోతుంది. సాగు కాలువలో ఎదురెక్కే పడవకు అదే లెక్క వర్తించదు.

మూడు దారులు, రెండు గేజీలు

బెజవాడ జంక్షన్ ఒక్క కంపెనీ పథకం కాదు. గుంతకల్లు వైపు నుంచి నంద్యాల, గుంటూరు మీదుగా సదరన్ మరాఠా రైల్వే మీటర్ గేజి పట్టాలు. సికింద్రాబాదు వైపు నుంచి, వరంగల్లు మీదుగా నిజాం రైల్వే బ్రాడ్ గేజి పట్టాలు 1889లో వచ్చాయి. సింగరేణి బొగ్గుకు అది దారి. ఆ తర్వాత ఈస్ట్ కోస్ట్ రైల్వే: 1893లో కృష్ణ మీద వంతెన, 1893 నుంచి 1896 లోపు కటకం దాకా ఉత్తరపు లైను. 1899లో మద్రాసు లింకు పూర్తయ్యాక బకింగ్‌హామ్ కాలువకు సమాంతరంగా రైలు నడిచింది. 1908లో బందరుకూ రైలు చేరింది. కాలువలకూ పట్టాలకూ కావలసింది ఒకే మెరక గట్టు కాబట్టి చాలా చోట్ల రెండూ పక్కపక్కనే సాగుతాయి. తాడేపల్లిలో గుంటూరు, తెనాలి లైన్లు విడిపోయే స్టేషనుకు కృష్ణా కెనాల్ జంక్షన్ అని పేరు.

బ్రాడ్ గేజి పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు, మీటర్ గేజి 1,000. గుంటూరు వైపు నుంచి మీటర్ గేజి పెట్టెలో వచ్చిన బస్తా మద్రాసుకో హైదరాబాదుకో పోవాలంటే పెట్టె మారాల్సి వచ్చేది. ఎదురెదురు ప్లాట్‌ఫారాల మీద కూలీలు ఒక పెట్టెలోంచి మరో పెట్టెలోకి మోసేవారు. పెట్టెల నిడివీ సామర్థ్యమూ వేరు కాబట్టి ఒకటికి ఒకటి సరిపోయేది కాదు. ఒక చోట సగం పెట్టె మిగిలేది, అది నిండేదాకా మిగతా సరుకు ఎదురుచూసేది. గోనె చిరిగేది, కొక్కెం దిగిన చోట ధాన్యం కారేది, వానొస్తే తడిసేది. కాలువ రేవు నుంచి రైలుకూ ఇదే తిప్పలు. బెజవాడలో హమాలీ పని అంత పెద్దదవడానికి సరుకు చేతులు మారే ఈ తావులే మూలం. జంక్షన్ ఊళ్లకు గేజి తేడా జీవనాధారం, వ్యాపారికి అదే నష్టం. గుంటూరు–గుంతకల్లు లైను బ్రాడ్ గేజిగా మారడానికి 1990ల దాకా ఆగాల్సి వచ్చింది.

కృష్ణ వంతెనకు 300 అడుగుల స్పాన్లు (స్తంభాల మధ్య ఖాళీలు) 12. ఇసుక నదిలో స్తంభానికి పునాది వెయ్యడమే అందులో గట్టి పని. రాతి మీద కట్టినట్టు కుదరదు. ముందు ఎండాకాలంలో ఇసుక దిబ్బ మీద ఇనుప అంచున్న చట్రం పరిచి, దాని మీద గుండ్రటి బావి గోడ కడతారు. లోపలి ఇసుకను కొక్కెపు తొట్టితో తోడుతుంటే గోడ తన బరువుకు తానే దిగుతుంది. దిగిన కొద్దీ పైన కడుతూ పోతారు. ఒక పక్క ఎక్కువ తోడితే బావి అటు వాలుతుంది. వాలిన దాన్ని సరిచెయ్యాలంటే ఎత్తుగా ఉన్న వైపు తోడాలి, ఆ వైపే పైన పట్టాలో రాళ్లో బరువు పెట్టాలి. లోపలి నీరు బాగా తోడేస్తే బయటి ఒత్తిడికి అడుగునుంచి ఇసుక పొంగి లోపలికి వచ్చేస్తుంది, ఒక్కోసారి చుట్టుపక్కల నేలంతా కుంగుతుంది. అందుకే లోపలి నీటి మట్టాన్ని బయటి మట్టానికి తగ్గకుండా ఉంచుతారు. కోత పడని లోతుకు చేరాక అడుగున కాంక్రీటు బిరడా, ఆపైన ఇసుక నింపకం, మూత, స్తంభం. ఇదంతా ఒక ఎండాకాలంలో వరద లోపు స్థిరపడే దశకు రావాలి. సగం దిగిన బావి వరదకు దొరికితే దాని చుట్టూ ఇసుక కోసుకుపోయి ఒరిగిపోతుంది.

ఇప్పుడు ఏం మిగిలింది, ఏం చెయ్యాలి

2008లో కాకినాడ–పుదుచ్చేరి కాలువలూ, గోదావరి, కృష్ణ భాగాలూ కలిపి 1,078 కిలోమీటర్లను నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. 2017 అక్టోబరులో ముక్త్యాల నుంచి విజయవాడ దాకా 82 కిలోమీటర్ల తొలి దశకు శంకుస్థాపన జరిగింది. నది భాగం సంగతి వేరు, అక్కడ బ్యారేజీ నిల్వ తోడ్పడుతుంది. కాలువ భాగాలకు మాత్రం నూరేళ్ల కిందటి ప్రశ్నలే: వేసవిలో నీరుంటుందా, నిండు పడవ ఏ దిక్కుకు పోతుంది, ఎదురెక్కే పడవకు మోటారు ఎన్ని గుర్రాలది కావాలి. మోటారు వచ్చాక మనిషి నడక లెక్క పోయింది గానీ, అలలకు మట్టి గట్టు కోసుకుపోయే కొత్త లెక్క వచ్చింది. దీనికి తోడు వంతెనలు. లాకులు బాగుచెయ్యడం కన్నా కష్టమైనది ఊళ్లలో కాలువల మీద తక్కువ ఎత్తున కట్టిన రోడ్డు వంతెనలు. పడవ కింద రెండడుగుల నీరు పెంచడం సాధ్యమే, స్లాబు రెండడుగులు లేపడం అంత సులువు కాదు. కాలువ మీద కొత్త వంతెన ఏది ప్రతిపాదించినా నిండు మట్టానికీ స్లాబు అడుగుకూ మధ్య ఖాళీ ఎంతో ముందే అడగాలి.

పాత లాకుల వివరాలు నమోదు చెయ్యడానికి మంచి అదను కాలువలు కట్టేసిన వారాలే. తొట్టి ఎండాక గడప నుంచి గడపకు పొడవు, తలుపుల దగ్గర వెడల్పు, గడపల ఎత్తు కొలవాలి. ఎత్తును దగ్గర్లో చెక్కిన ఎత్తు గుర్తుతో (బెంచ్ మార్కుతో) కలపకపోతే ఆ కొలత రేపు ఎవరికీ పనికిరాదు. రెక్క కీలు తిరిగే వంపు రాయి, పలకలు దింపే గాడులు, గోడకున్న ఇనుప కడియాలు, ఏళ్ల తరబడి తాళ్లు ఒరుసుకుని రాతి అంచున పడ్డ గాట్లు, అన్నిటినీ కొలబద్ద పక్కన పెట్టి ఫొటో తీయాలి. ఆ గాట్లు ఏ వైపు లోతుగా ఉన్నాయో చూస్తే ఏ దిక్కు పడవలను బరువుగా లాగారో ఊహించవచ్చు.

బాగుచేతలో జరిగే పెద్ద పొరపాటు సిమెంటు పూత. సున్నపు కట్టుబడి తేమను పీల్చి వదులుతుంది. దాని సందుల్లో సిమెంటు నింపితే తేమ రాయిలోంచే బయటికి రావాల్సి వస్తుంది, రాతి ముఖం పొరలు పొరలుగా రాలుతుంది. పాడైన సందును అంగుళం లోతున గీకి, కడిగి, ఒక పాలు నానిన సున్నం, రెండు మూడు పాళ్లు ఇసుక, సుర్కీ (ఇటుక పొడి) కలిపి నింపాలి. కనీసం రెండు వారాలు తడి గోనె కప్పి ఉంచాలి. మే నెల ఎండకు ఒక్క పూట ఆరినా అది పిండిలా రాలుతుంది. గోడలో మొలిచిన రావి మొక్కను పీకకూడదు, వేరుతో పాటు రెండు రాళ్లు వస్తాయి. మొదలు నరికి, వేరు చచ్చాక సందు నింపాలి.

పనిచేసే లాకు ఎందుకనే ప్రశ్నకు 2024 సెప్టెంబరు సమాధానం చెప్పింది. ఆ వరదలో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చింది. ఎగువన కట్టేసిన భారీ ఇనుప పడవలు తెగి వచ్చి గేట్లను ఢీకొన్నాయి. 67, 69 గేట్ల కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి, ఇరుక్కున్న పడవలను తీయడానికి రోజులు పట్టింది. కౌంటర్ వెయిట్ గేటు బరువుకు సరితూగే దిమ్మ. అది విరిగితే గేటు ఎత్తే యంత్రం మీద బరువంతా పడుతుంది. ఇరుక్కున్న పడవ అదనంగా నీరు పోయే ఖానాకు అడ్డం పడి ఎగువ మట్టాన్ని పెంచుతుంది. లంగరు తాడు పొడవు మామూలు మట్టానికి లెక్కేసి కడితే నీరు లేచినప్పుడు ముందు బిగుస్తుంది, తర్వాత గుంజ ఊడుతుంది. వరదకు లెక్కేసి కడితే పడవ ఈలోగా ఇష్టమొచ్చినట్టు తిరుగుతుంది. నది మీద దీనికి పూర్తి పరిష్కారం లేదు. కాలువ తల తూములు మూసి, లాకు తలుపులు బిగించిన కాలువలో మాత్రం వరద తోపుడు ఉండదు. ఎగువ ప్రాజెక్టుల నుంచి హెచ్చరిక రాగానే, లాకు తొట్టిలో పట్టే పడవలను వరుసగా కాలువలోకి దించేయవచ్చు, ఒక్కో దఫాకు అరగంట. తొట్టిలో పట్టని పడవలను నదిలో ఎక్కడ, ఎన్ని తాళ్లతో, ఎంత పట్టున్న గుంజకు కట్టాలో జూన్ లోపే నిర్ణయించి ఉంచాలి.